ఫిరంగి చేయనివ్వండి, గోడ కూడా కట్టించండి

ఈ మధ్య బొబ్బిలికి దగ్గరలోని ఒక సంఘానికి వాక్యపరిచర్య నిమిత్తం వెళ్లాము. ఆరాధన ముగిసి అందరూ వందనాలు చెప్పి వెళుతుండగా ఒక తల్లి తన కొడుకును చెయ్యి పట్టుకుని మా దగ్గరకు తీసుకొచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లవాడు.

"అయ్యగారూ, ఇస్కూల్లో చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారండి. మావోడు బొబ్బిలి యుద్ధంలో ఫిరంగి చేస్తానంటన్నాడు. ఉత్తి బొమ్మ కాదంట, పేలాలంట. సంఘంలో పెద్దాయనేమో దేవుని పిల్లలకి ఆయుధాలెందుకమ్మా అంటన్నారు. ఏటి చెయ్యమంటారు?"

పిల్లవాడు తలెత్తకుండా ఫోను తీసి వీడియో ఒకటి చూపించాడు. ప్లాస్టిక్ పైపు, దానికొక మూత, చిన్న మంట, పెద్ద చప్పుడు. వెనకాల ఎవరో పిల్లలు ఈలలు వేస్తున్నారు.

ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పి వచ్చేశాము. దారి పొడుగునా మాత్రం మనసు ఆ ప్రశ్న మీదే ఉంది. ఆ తల్లి అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. పిల్లవాడి ప్రాణానికి ప్రమాదమా అన్నది మొదటిది. పిల్లవాడి ఆత్మకు ప్రమాదమా అన్నది రెండవది. మన సంఘాల్లో చాలా ఇళ్లలో బడి ప్రాజెక్టుల కాలం వస్తే ఇలాంటి ప్రశ్నలే లేస్తాయి గనుక, ఈ వారం సంపాదకీయంలో ఆ రెంటికీ సావకాశంగా జవాబు చెప్పదలచుకున్నాము.

పేలేది వద్దు

మొదటి ప్రశ్నకు జవాబు తడుముకోనక్కర లేదు. పేలే వస్తువు ఏదీ పిల్లలు తయారు చేయకూడదు. బడి కోసం అయినా, సండే స్కూలు నాటిక కోసం అయినా, పెద్దవాళ్లు పక్కన ఉన్నా సరే.

2025 దీపావళికి భోపాల్‌లో ఏం జరిగిందో మీలో చాలామంది చదివే ఉంటారు. కార్బైడు వేసి పేల్చే పైపు తుపాకులను పిల్లలు బొమ్మలనుకుని కొన్నారు. పదుల సంఖ్యలో పిల్లలు కళ్లు కాలి ఆసుపత్రుల పాలయ్యారు. ఒకసారి వెలిగించినప్పుడు పేలకపోతే, ఏమైందో చూద్దామని గొట్టంలోకి తొంగి చూడటం పిల్లల స్వభావం. సరిగ్గా అప్పుడే అది పేలుతుంది. వీడియోలో ఈలలు వినిపిస్తాయి గాని ఆసుపత్రి వార్డు కనిపించదు.

మా ఎడమచేతి బొటనవేలి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. ఏడో తరగతిలో అగ్గిపుల్లల మందుతో ఆడినందుకు మిగిలిన గుర్తు అది. వేలితో పోయింది గనుక ఈ రోజు నవ్వుతూ రాస్తున్నాము. అది కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నవ్వు రాదు.

ఇంకో మాట. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిలాంటి ఆయుధం తయారు చేయడం నేరం. బడి ప్రాజెక్టు అన్నంత మాత్రాన మందుగుండుకు మినహాయింపు లేదు. కాబట్టి తల్లిదండ్రులు "పేలేది వద్దు" అని గట్టిగా చెప్పాలి. కానీ అక్కడితో ఆగి "అసలు ఫిరంగే వద్దు" అంటే మాత్రం ఒక మంచి అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఎందుకో చెబుతాము.

ఫిరంగి ఎలా పనిచేసేది

ముందు ఆ పేరు చూడండి. ఫిరంగీ అంటే యూరప్ దేశస్థుడు. ఆ మనిషి పేరే అతడు తెచ్చిన ఆయుధానికి స్థిరపడింది. తుపాకుల సంగతి మనవాళ్లకు అప్పటికే బాగా తెలుసు. ఫిరంగులూ దేశంలో అంతకు ముందే ఉన్నాయి. కానీ చక్రాల బండి మీద తేలికగా లాగి, వెంట వెంటనే నింపి, వరుసగా కాల్చే శిక్షణలో ఆ కాలపు యూరప్ సైన్యాలది పై చేయి.

ఫిరంగి అంటే ఒక చివర మూసిన లోహపు గొట్టం. మూసి ఉన్న చివర పైభాగాన సన్నని బెజ్జం ఒకటి ఉంటుంది. గొట్టం నోటి గుండా మందు వేసి, దాని మీద గుండు పెట్టి, పొడవాటి కర్రతో కూరుతారు. బెజ్జంలో కొంచెం మందు పోసి నిప్పు అంటిస్తారు. లోపలి మందు ఒక్కసారిగా మండి వాయువుగా మారుతుంది. వాయువుకు కావలసినంత చోటు గొట్టంలో లేదు. బయటికి పోవడానికి ఉన్నది ఒకటే దారి, ఆ దారికి గుండు అడ్డం. అందుకే గుండును తోసుకుని పోతుంది. గుండు ముందుకు వెళ్లినప్పుడు బండి వెనక్కి తన్నుకుంటుంది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో చదివే న్యూటన్ మూడో నియమం ఇదే.

ఒకసారి కాల్చిన తరువాత తడి గుడ్డ చుట్టిన కర్రతో గొట్టం లోపల తుడవాలి. తుడవకపోతే లోపల మిగిలిన నిప్పురవ్వ తరువాతి మందుకు అంటుకుంటుంది. అప్పుడు చచ్చేది శత్రువు కాదు, మందు కూరుతున్నవాడు. అంటే ఫిరంగి తన ముందున్నవాడికే కాదు, తన పక్కన నిలబడినవాడికి కూడా శత్రువే.

మందులో మూడు వస్తువులుంటాయి. బొగ్గు, గంధకం, సురేకారం. మూడింటిలో ఎక్కువ పాలు సురేకారానిది. 18వ శతాబ్దంలో ప్రపంచానికి సురేకారం పెద్ద ఎత్తున వెళ్లింది మన దేశం నుంచే, ముఖ్యంగా బీహారు ప్రాంతం నుంచి. పల్లెల్లో పాత మట్టిని గోకి, నీళ్లలో కరిగించి, కాచి తీసిన ఉప్పు అది. మన పేదల చేతులు గోకిన మట్టి ఓడలెక్కి యూరప్ యుద్ధాలకు వెళ్లింది. ఆయుధాన్ని ఎక్కడో దూరాన పుట్టిన వస్తువుగా చూడటం మనకు అలవాటు. దాని ఒక పాయ మన పెరట్లోనే ఉంది.

ఆ కాలంలో మైదానపు ఫిరంగులను గుండు బరువును బట్టి పిలిచేవారు. ఫ్రెంచివారి లెక్కలో 4 పౌండ్ల గుండు అంటే దాదాపు 2 కిలోల ఇనుము, సుమారు 8 సెంటీమీటర్ల అడ్డుకొలత. రెండు కిలోల బెల్లం దిమ్మ మీ చేతిలో పెట్టుకుని చూడండి. ఆ బరువు ఇనుములో ఒక చిన్న ఉండలో ఇమిడిపోతుంది. గొట్టం పొడవు గుండు అడ్డుకొలతకు 15 నుంచి 20 రెట్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర మళ్లీ అవసరం పడుతుంది.

1757 జనవరి 24

బొబ్బిలి కథ తెలియని తెలుగువాడు లేడు. బుర్రకథలో విన్నాము, 1964లో వచ్చిన సినిమాలో చూశాము. దిట్టకవి నారాయణ కవి రంగరాయ చరిత్ర రాశాడు, పెద్దాడ మల్లేశం బొబ్బిలి కథ జనం నోళ్లలో నాటుకుంది. వీటితో పాటు మద్రాసులో కంపెనీ ఉద్యోగం చేసిన రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడి వర్ణన ఒకటి ఉంది. ఆయన యుద్ధం కళ్లారా చూడలేదు, విన్నవీ చదివినవీ కూర్చి రాశాడు. పిల్లలు ఈ తేడా నేర్చుకోవాలి. కథ చెప్పేవాడికి ఒక అభిమానం ఉంటుంది, సినిమాకు ఒక అవసరం ఉంటుంది, కంపెనీ మనిషికి ఒక చూపు ఉంటుంది. అన్నీ పక్కపక్కన పెట్టి చూడటమే చరిత్ర చదవడం.

ఆర్మ్ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. వారి సేనాని బుస్సీ. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు ఫ్రెంచివారికి మిత్రుడు. ఆయనకూ పొరుగున ఉన్న బొబ్బిలి ప్రభువు రంగారావుకూ పాత వైరం. ఆ వైరంలో వాగుల నీళ్ల తగాదా కూడా ఉంది. ఎవరి పొలాలకు ఎవరు నీళ్లు మళ్లించుకున్నారన్న గొడవ. మన ఊళ్లలో ఈనాటికీ పారలు పట్టుకుని గట్ల మీద నిలబడే తగాదాయే అది. అప్పుడు పారల బదులు ఫిరంగులు వచ్చాయి.

బొబ్బిలి కోట ఎంతదనుకున్నారు? ఒక్కో వైపు సుమారు 200 గజాలు. ఎర్రమట్టి గోడలు, మూలకొక గుండ్రని బురుజు, చుట్టూ అడవి. తెల్లవారుతూనే ఫిరంగులు బురుజుల మీద మొదలుపెట్టాయి. తొమ్మిది గంటల వేళకు గోడల పైభాగం అక్కడక్కడ విరిగింది. నాలుగు వైపుల నుంచీ నిచ్చెనలు వేసి ఎక్కారు. గంటసేపు ప్రయత్నించినా ఒక్కడు కూడా గోడ దాటలేకపోయాడు. లోపలివారు గోడ మీద నిలబడి, పైకి వచ్చినవాడిని పెనవేసుకుని నిచ్చెనతో సహా కింద పడేయాలని చూశారు. ఫిరంగులు మళ్లీ మోగాయి, మళ్లీ నిచ్చెనలు వేశారు. అయినా కోట లొంగలేదు.

ఇక్కడ విద్యార్థి గమనించవలసిన విషయం ఉంది. రాతి గోడకు గుండు తగిలితే రాయి పగులుతుంది. మట్టి గోడకు తగిలితే గుండు మట్టిలో కూరుకుపోతుంది. అందుకే పొద్దుటి నుంచి కాల్చినా గోడ పైఅంచు విరిగింది గాని దారి తెరుచుకోలేదు. "ఫిరంగి కోటను కూల్చింది" అని ప్రాజెక్టులో రాస్తే అది తప్పు.

గోడకు అవతల

కోటను కూల్చింది ఏమిటో రాయడానికి మాకు చెయ్యి ఆడటం లేదు. అయినా రాయాలి.

ఇక గెలవలేమని తెలిశాక, ఆడవారూ పిల్లలూ శత్రువు చేత పడకూడదని లోపలివారు నిశ్చయించుకున్నారు. కోట నడుమ ఉన్న ఇళ్లకు తామే నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికి పరుగెత్తి వచ్చినవారిని తామే పొడిచారు. ఆ పని ముగించి, చావడానికి గోడల మీదికి తిరిగి వచ్చారు. గోడ మీద మనుషులు పలచబడ్డారని లా అనే ఫ్రెంచి అధికారి కనిపెట్టి మళ్లీ దాడి చేశాడు. ఈసారి కొందరు సైనికులు ఒక బురుజు ఎక్కగలిగారు. దాన్ని కాపాడటానికి పరుగెత్తి వచ్చిన రంగారావు తుపాకి గుండు తగిలి చనిపోయాడు.

లోపలికి వెళ్లినవారికి గెలుపు సంతోషం మిగలలేదని ఆర్మ్ రాశాడు. బూడిద, శవాలు చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకుని నిలబడిపోయారట. అప్పుడు ఒక మూల నుంచి ఒక ముసలివాడు చిన్న పిల్లవాడిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఈ బిడ్డ రంగారావు కొడుకనీ, తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా తాను దాచి కాపాడాననీ చెప్పి లాకు అప్పగించాడు. తండ్రికి బదులుగా ఇవ్వజూపిన భూములను బుస్సీ ఆ బిడ్డ పేర పెట్టాడు.

ఈ కథను మనం వీరగాథగా పాడుకుంటాము. ప్రాణానికి తెగించిన వారి ధైర్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఈ గడ్డ మీద పుట్టినవారికి ఆ అభిమానం ఉండటం సహజం. కానీ ఆ మంటల్లో పోయిన పిల్లలను ఎవరూ అడగలేదు. కత్తి పట్టినవారి పేర్లు పాటలోకి వచ్చాయి. అంతఃపురంలోని మల్లమ్మదేవి వంటి ఒకటి రెండు పేర్లు తప్ప మంటల్లో పోయినవారి పేర్లు పాటలోకి రాలేదు. నాకు తెలిసి ఆ రోజు బొబ్బిలిలో అందరికంటె ధైర్యవంతుడు ఆ ముసలివాడే. అంతమంది ఒక మాట మీద నిలబడి చేస్తున్న పనిని కాదని, ఒక బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పేరు ఆర్మ్ రాయలేదు.

పిలిచి తెచ్చుకున్న ఫిరంగి

యుద్ధం జరిగిన మూడవ రాత్రి, తన డేరాలో నిద్రిస్తున్న విజయరామరాజును బొబ్బిలి మనుషులు కత్తులతో పొడిచి చంపారు. ఆ పని చేసింది తాండ్ర పాపారాయుడని మన కథలన్నీ చెబుతాయి. చుట్టూ ఫిరంగులు ఉండగా ఆయనను ఒక బాకు కాపాడనివ్వలేదు. గెత్సేమనే తోటలో కత్తి దూసిన పేతురును ప్రభువు ఎందుకు వారించాడో, కత్తి పట్టినవారి గతి ఏమని చెప్పాడో మత్తయి సువార్త 26వ అధ్యాయం తీసి చదువుకోండి.

అంతటితో అయిపోలేదు. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759లో మచిలీపట్నం కూడా పోయింది. బొబ్బిలి మీద ఫిరంగులు ఎక్కుపెట్టినవారికి మూడేళ్లు తిరగకుండానే సర్కారుల్లో చోటు లేకుండా పోయింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు కంపెనీ సైన్యం విజయనగరం మీదికే వచ్చింది. ఆ యుద్ధంలో చనిపోయిన ప్రభువు పేరు కూడా విజయరామరాజే.

పొరుగువాడి మీదికి పిలిచిన ఫిరంగి, పని అయ్యాక మూతి ఇటు తిప్పుతుంది. ఈ మాట రాజులకే కాదు. మన సంఘాలకూ చెందుతుంది. కమిటీ పదవి కోసమో, మందిరపు స్థలం కోసమో సొంత సహోదరుడితో తగాదా వచ్చినప్పుడు బయటి బలాన్ని తెచ్చుకున్న సంఘాలు మనకు తెలియనివా? కేసులు నడిచాయి, మందిరాలకు తాళాలు పడ్డాయి. గెలిచినవారూ చివరికి ఆ తాళం వేసిన తలుపు ముందే నిలబడ్డారు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయం ఈ విషయమే. ఇప్పుడు బొబ్బిలీ విజయనగరమూ ఒకే జిల్లాలో ఉన్నాయి, ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. పొద్దున్న వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే దూరం. ఆ దూరాన్ని మాటలతో దాటలేకపోయినందుకు అంత రక్తం పోయింది.

దేవుని పిల్లలకు ఈ చరిత్ర ఎందుకు

ఇప్పుడు రెండవ ప్రశ్న. సంఘపెద్ద గారి మాటలో ప్రేమ ఉంది. పిల్లలు ఆయుధాలను ఇష్టపడటం మొదలుపెడితే హింసను ఇష్టపడతారని ఆయన భయం. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. కానీ పరిశుద్ధ గ్రంథం ఆయుధాల చరిత్రను మన నుంచి దాచలేదు.

ఫిలిష్తీయుల కాలంలో ఇశ్రాయేలులో కమ్మరి లేకుండా చేశారని, నాగలి కర్రు పదును పెట్టించుకోవడానికి కూడా శత్రువు దగ్గరకే పోవలసి వచ్చిందని 1 సమూయేలు 13వ అధ్యాయం చెబుతుంది. ఉజ్జియా రాజు యెరూషలేము బురుజుల మీద బాణాలూ పెద్ద రాళ్లూ విసిరే యంత్రాలు పెట్టించాడని 2 దినవృత్తాంతములు 26వ అధ్యాయంలో ఉంది. ఆ యంత్రాల సంగతి చెప్పిన వెంటనే, బలవంతుడైనప్పుడు అతని మనసు గర్వించి చెడిపోయిన సంగతి కూడా అక్కడే ఉంది. ముట్టడి వేసే సైన్యం పండ్ల చెట్లను నరకకూడదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం హద్దు పెట్టింది. గ్రంథం ఆయుధాన్ని చూపిస్తుంది, దాని వెనుక ఉన్న హృదయాన్ని చూపిస్తుంది, దాని ముందు ఉన్నదాన్నీ చూపిస్తుంది.

అన్నిటికంటె మాకు గుర్తొచ్చేది గొల్యాతు ఖడ్గం. దావీదు గొల్యాతును జయించిన కథ మన సండే స్కూలు పిల్లలందరికీ వచ్చు. వడిసెల పట్టుకుని నాటిక కూడా వేస్తారు. ఆ వడిసెల కూడా ఆయుధమే, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు! కానీ ఆ ఖడ్గం తరువాత ఏమైంది? నోబులో యాజకుల దగ్గర బట్టలో చుట్టి భద్రపరిచారు, మన మ్యూజియంలో పెట్టినట్టు. సౌలుకు భయపడి పారిపోతున్న దావీదు అక్కడికి వచ్చి దాన్ని అడిగి తీసుకున్నాడు. 1 సమూయేలు 21వ అధ్యాయం ఇది.

మనం సాధారణంగా అక్కడ పుస్తకం మూసేస్తాము. 22వ అధ్యాయం చదవండి. దావీదుకు సాయం చేశారన్న కోపంతో సౌలు 85 మంది యాజకులను చంపించాడు. నోబు ఊరిలో ఆడవారినీ పిల్లలనూ పాలు తాగే బిడ్డలనూ కూడా కత్తి విడిచిపెట్టలేదు. ఒక్కడు తప్పించుకుని వచ్చాడు, అబ్యాతారు. దావీదు అతనితో ఏమన్నాడు? సౌలు చేశాడు, నాకేం సంబంధం అనలేదు. నీ ఇంటివారి చావుకు నేనే కారణమయ్యానని ఒప్పుకున్నాడు. నా దగ్గర ఉండు, భయపడకు అన్నాడు.

బట్టలో చుట్టిన ఖడ్గాన్ని చూడటం తప్పు కాదు. దాని తరువాతి అధ్యాయం చదవకపోవడం తప్పు. బొబ్బిలి పిల్లవాడి ఫిరంగి విషయంలోనూ మా మాట అదే. కత్తులు నాగలి కర్రులయ్యే రోజును యెషయా, మీకా చూశారు. నాగలి కర్రులు కత్తులయ్యే రోజును యోవేలు చూశాడు. ఇనుము ఒకటే. ఏ చేతిలో, ఏ మనసుతో అన్నదే తేడా. బొబ్బిలి పక్కన గొల్లపల్లికి వెళ్లి చూస్తే అక్కడి పనివారు ఇనుప ఉలితోనే పనసకర్రను తొలిచి వీణ చేస్తున్నారు. యుద్ధానికి పేరుపడిన ఊరు వీణకూ పేరుపడింది.

ప్రాజెక్టు ఎలా చేయాలి

ఆ పిల్లవాడికి ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పినదీ, తరువాత ఫోనులో వివరించినదీ ఇక్కడ రాస్తున్నాము. ఏ తల్లిదండ్రులైనా వాడుకోవచ్చు.

ఒకటి, ఫిరంగి పేలకూడదు గాని కొలత సరిగా ఉండాలి. అసలులో పదో వంతు చేయదలిస్తే గుండు 8 మిల్లీమీటర్లు, గొట్టం 12 నుంచి 16 సెంటీమీటర్లు. గట్టి కాగితం చుట్టి, అట్ట చక్రాలు పెట్టి చేయవచ్చు. మందు కూరే కర్ర, తుడిచే కర్ర, నీళ్ల బాల్చీ పక్కన పెట్టాలి. ఏది ఎందుకో చిన్న చీటీ మీద రాయాలి.

రెండు, ఫిరంగి ఒక్కటే బల్ల మీద పెట్టకూడదు. దాని ముందు గోడ కట్టాలి. ఎర్రమట్టితోనే కట్టాలి. ఒక గోలీని మట్టి గోడ మీదా, ఒక ఇటుక మీదా మెల్లగా వదిలి చూస్తే, మట్టి దెబ్బను ఎలా మింగేస్తుందో పిల్లవాడికే అర్థమవుతుంది.

మూడు, కోట మొత్తాన్ని ఒక కొలతలో చేయాలి. 200 గజాల కోటను 200 వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తే ఒక్కో వైపు గజం. మూడడుగుల చదరపు అట్ట మీద సరిపోతుంది. అదే కొలతలో ఫిరంగి గొట్టం ఎంత? ఏడు మిల్లీమీటర్లు. మనిషి ఎంత? ఎనిమిది మిల్లీమీటర్లు. ఫిరంగీ, మనిషీ ఇద్దరూ ఒక బియ్యపు గింజంత. బల్ల మీద ఫిరంగి ఒక్కటే ఉంటే అది పెద్దదిగా కనిపిస్తుంది. సరైన కొలతలో పెట్టినప్పుడు అది మనిషికంటె పెద్దదేమీ కాదని తెలుస్తుంది.

నాలుగు, రెండు చీటీలు రాయాలి. ఒకటి గోడకు ఇవతల ఉన్న సైనికుడి వైపు నుంచి, రెండోది అవతల ఉన్న తల్లి వైపు నుంచి. ఎవరి మాట ఎక్కడ దొరికిందో కూడా రాయాలి. కథలోనా, ఆర్మ్ పుస్తకంలోనా, సినిమాలోనా అని.

ఐదు, వీలైతే బొబ్బిలి వెళ్లి యుద్ధ స్మారక స్తంభం దగ్గర కాసేపు నిలబడి రావాలి. 1891లో బొబ్బిలి మహారాజా కట్టించినది అది. అమ్మా నాన్నా కూడా వెంట వెళితే మంచిది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో పిల్లవాడు ప్రశ్నలు అడుగుతాడు. జవాబు తెలిసినంత వరకు చెప్పండి.

పది రోజుల తరువాత ఆ తల్లి ఫోటో పంపించింది. అట్ట మీద ఎర్రమట్టి కోట, నాలుగు బురుజులు, అగ్గిపుల్లల నిచ్చెనలు. బయట బారులు తీరిన బియ్యపు గింజలు, వాటి నడుమ నల్లరంగు పూసిన గింజలు కొన్ని. అవి ఫిరంగులు. వెంటనే పిల్లవాడే ఫోను చేశాడు.

"అయ్యగారూ, లోపల కూడా గింజలు పెట్టానండి. చూశారా?"

చూశాము నాన్నా అన్నాము.

"పిల్లలకి నూకలు పెట్టానండి. కొలత సరిపోవాలి కదా."

కొంతసేపు మాకు మాట రాలేదు. ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాము. కోట నడుమ గుప్పెడు నూకలున్నాయి. తలుపు బయట, అందరికీ దూరంగా, ఒక గింజ పక్కన ఒకే ఒక్క నూక అంటించి ఉంది.